ఆరిన కుంపటి, ఎగిరొచ్చిన ఎంగిలాకు: కథలు రాసేవాళ్లు కవిత్వం ఎందుకు చదవాలి

మన దగ్గర కథని మెచ్చుకోవడానికి ఒక మాట ఉంది: "వచనం చాలా కవితాత్మకంగా ఉందండీ." ఈ మాట వింటే నాకు కాస్త భయం. ఆ కథ తెరిస్తే మొదటి పేరాలోనే వెన్నెల కురుస్తూ ఉంటుందని, రెండో పేరాకి జ్ఞాపకాల పరిమళం మొదలవుతుందని, కథలో మనిషి మాట్లాడటానికి మూడో పేజీ దాకా ఆగాలని తెలిసిపోతుంది.

నేనూ అలాగే రాసేవాణ్ణి. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికకి పంపిన కథ తిరిగొచ్చింది. అందులో ఒక పేజీలో "లా", "లాగా", "వలె" అన్న చోటల్లా ఎవరో పెన్సిల్‌తో సున్నాలు చుట్టారు. లెక్కపెడితే పదిహేడు. పక్కన ఒక్క మాట కూడా రాయలేదు. వారం రోజులు కోపంగా తిరిగాను.

అప్పట్లో నేను కవిత్వం బాగానే చదివేవాణ్ణి. కాకపోతే అందులోంచి ఎత్తుకొచ్చేదే తప్పు సరుకు. పెళ్లింటికి వంట నేర్చుకోడానికి వెళ్లి, గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం పీక్కొచ్చినట్టుగా ఉండేది నా పని. పోలికలు, విశేషణాలు, పెద్దపెద్ద సమాసాలు కంటికి ముందు కనపడతాయి కాబట్టి అవే కవిత్వం అనుకుంటాం. కవి ఏం వదిలేశాడు, ఎక్కడ ఆగాడు, ఏ మాటని వాక్యంలో ఏ చోట కూర్చోబెట్టాడు అన్నవి కంటికి కనపడవు. వచనం రాసేవాడికి పనికొచ్చేవి ఇవే.

అందుకు ఆధునిక కవిత్వమే ఎందుకు, పెద్దన, పోతన పనికిరారా అని అడగొచ్చు. తప్పకుండా పనికొస్తారు. కానీ పద్యంలో కవి తీసుకున్న నిర్ణయాల్లో కొన్ని ఛందస్సు తీసుకున్నవి. ఇక్కడ ఈ మాట ఎందుకుంది అంటే యతి కుదరాలి కాబట్టి అన్న జవాబు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వచన కవితకి ఆ సాకు లేదు. 1939లో పట్టాభి అనే కవి "ఫిడేలు రాగాల డజన్"లో తన వచన పద్యాలనే దుడ్డుకర్రలతో పద్యాల నడుములు విరగదంతానని బెదిరించాడు. నడుములు విరిగాయో లేదో గానీ, ఆ తర్వాత వచ్చిన కవులకి పని కష్టమైంది. గణాలు లేవు, ప్రాస లేదు, పంక్తి ఎక్కడ విరగాలో చెప్పేవాళ్లు లేరు. అన్నీ తామే తేల్చుకోవాలి. కథ రాసేవాడి పరిస్థితీ అదే కదా.

ఒక కవిత దగ్గర కొంచెంసేపు కూర్చుందాం. అది పూర్తి వచన కవిత కాదు, మాత్రల లెక్కలో (పొట్టిగా పలికే అక్షరానికి ఒక మాత్ర, పొడుగ్గా పలికేదానికి రెండు) నడిచేదే. కానీ నేను కథల గురించి నేర్చుకున్నదాంట్లో సగం అందులోదే. శ్రీశ్రీ "మహాప్రస్థానం"లో "భిక్షువర్షీయసి" అని ముప్పై పంక్తుల లోపు కవిత ఉంది. ఇలా మొదలవుతుంది:

దారిపక్క, చెట్టుకింద,
ఆరిన కుంపటి విధాన
కూర్చున్నది ముసల్దొకతె
మూలుగుతూ, ముసురుతున్న
ఈగలతో వేగలేక.

ముందు పేరు చూడండి. భిక్షువర్షీయసి. నిఘంటువు తెరవాల్సినంత బరువైన సంస్కృతం. అడుక్కుతినే పండు ముసలి అని అర్థం. పేరు అంత బరువుగా పెట్టి, మూడో పంక్తికల్లా "ముసల్దొకతె" అంటాడు. ఊళ్లో మనం అనే మాట, అందులో కొంచెం చులకన కూడా ఉంది. పేరుకీ ఆ మాటకీ మధ్య ఉన్న దూరంలోనే ఆమె మీద లోకానికున్న చూపంతా కనపడుతుంది. కవి ఆ చూపు గురించి విడిగా వ్యాఖ్యానం చెయ్యలేదు.

ఇప్పుడు కుంపటి. ఈ కాలం పిల్లలకి కుంపటి అంటే చూపించాలేమో. బొగ్గులు వేసి వంట చేసుకునే చిన్న పొయ్యి. నేల మీద పొట్టిగా, గుండ్రంగా కూర్చుంటుంది. ఆరిపోయాక లోపల బూడిద. ఒకప్పుడు నలుగురికి అన్నం వండిన వేడి అందులో ఉండేది. ఇప్పుడు ఎవరూ దాని వంక చూడరు. ఒక ముసలమ్మ కూర్చున్న తీరు, ఒంటి రంగు, గడిచిన బతుకు, అన్నీ ఆ ఒక్క వస్తువులో ఉన్నాయి. దాన్ని తీసేసి "ఆరిన దీపం విధాన" అని పెట్టి చూడండి. మాత్రల మాట అలా ఉంచితే, అర్థం దాదాపు అదే. కానీ దీపం అనగానే గౌరవం వచ్చేసింది, దేవుడి గది వచ్చేసింది, ఇప్పటికే వెయ్యిమంది వాడేసిన మెరుపు వచ్చేసింది. ముసలమ్మ మాయమైంది. నేను కొత్తగా రాసేవాళ్లతో చేయించే పని ఇదే: బాగుందనిపించిన కవితలో ఒక్క మాట మార్చి, ఏం పోయిందో చెప్పమంటాను. "బాగుంది" అనడం కన్నా ఏం పోయిందో చెప్పడంలో ఎక్కువ నేర్చుకుంటాం.

రెండో పోలిక ఆమె తల గురించి. ముగ్గుబుట్ట వంటి తల అంటాడు. తెల్లబడిన జుట్టు, ముగ్గుపిండి. ఈ రెండు పోలికలూ ఎక్కడివో గమనించారా? కుంపటి వంటింట్లోది, ముగ్గుబుట్ట వాకిట్లోది. రెండూ ఇల్లున్న ఆడమనిషి చేతికిందివి. ఈమెకి వంటిల్లు లేదు, వాకిలీ లేదు. ఇల్లు లేని మనిషిని ఇంటి సామానుతో పోల్చాడు. శ్రీశ్రీ ఇదంతా లెక్కవేసుకుని రాశాడని నేననను. కానీ పోలిక మన ఇష్టం వచ్చిన చోటి నుంచి ఎగిరి రాకూడదని, ఆ పాత్ర బతుకులోంచే రావాలని నాకు ఈ కవితే చెప్పింది. మత్స్యకారుడి కథలో బాధని ఎడారితో పోల్చినప్పుడల్లా నాకు ఈ ముగ్గుబుట్ట గుర్తొస్తుంది.

ఇక ఈ కవిత ముగింపు. ఆ అవ్వ చచ్చిపోతే పాపం ఎవరిదని వెర్రిగాలి అడుగుతుంది. అడిగి వెళ్లిపోతుంది. ఎముక ముక్క కొరుక్కుంటున్న కుక్క ఏమీ అనదు. తొండ ఒక ఈగను నోట వేసుకుని తప్పుకుంటుంది. చీకటి కమ్ముతుంది, దుమ్ము రేగుతుంది. అప్పుడు ఎక్కడినుంచో ఒక ఎంగిలాకు ఎగిరొచ్చి, ఇది నా పాపం కాదంటుంది. అంతే, అయిపోయింది.

కవిత మొత్తంలో ఆమె తప్ప ఇంకో మనిషి లేడు. ఇదే అంశం మీద మనం కథ రాస్తే ఏం చేస్తామో నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను చేశాను. కారులో ఒక డబ్బున్నాయన పోతాడు, అద్దం దించడు. కాలేజీ కుర్రాళ్లు సెల్ఫీ తీసుకుంటారు. చివర్న రచయిత వచ్చి "ఈ పాపం ఎవరిది?" అని నిలదీస్తాడు. ఇక్కడ ఆ ప్రశ్న గాలి అడుగుతుంది, అదీ వెర్రిగాలి. నాది కాదన్నది ఎంగిలాకు. ఎంగిలాకు అంటే ఎవరో కడుపునిండా తిని పారేసింది. ఆ తిన్నవాళ్లు కవితలోకి రారు. ఆకు ఒక్కటే వస్తుంది. నేరస్థుల తరఫున వాళ్ల ఎంగిలి వచ్చి సాక్ష్యం చెప్పింది.

ఈగ సంగతి నేను చాలా ఆలస్యంగా చూశాను. మొదటి పంక్తుల్లో ఆమెని సతాయించేది ఈగలే. చివర్లో తొండ మింగింది ఆ ఈగల్లో ఒకదాన్ని. అంటే ఈ కవిత మొత్తంలో ఆమెకి కాస్త మేలు చేసిన ప్రాణి తొండ ఒక్కతే, అదీ తన ఆకలి కోసం. దాని గురించి శ్రీశ్రీ ఒక్క మాట అదనంగా చెప్పడు. చదివినవాడికి పదోసారికి తడితే తడుతుంది, లేకపోతే లేదు. కథలో ఒక వస్తువుని మొదట్లో పెట్టి చివర్లో వాడుకోవడం మనకీ తెలుసు. కానీ వాడుకున్నాక "చూశారా, వాడాను" అని చెప్పకుండా ఉండటమే చేతకాదు.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఇందులోనే "తన కన్నా శవం నయం" అని ఒక ముక్క ఉంది. నాకు అక్కడ కవిత కాస్త జారినట్టు అనిపిస్తుంది. కుంపటి, ముగ్గుబుట్ట, గాజుకళ్లు చూపించాక ఆ తీర్పు మనమే ఇచ్చుకోగలం. గొప్ప కవితలో బలహీనమైన చోటు పట్టుకోవడం కూడా పాఠమే. మన డ్రాఫ్టులో అలాంటి పంక్తులు డజన్ల కొద్దీ ఉంటాయి, కానీ మన కంట్లో అవి పడవు.

చెవి సంగతికొద్దాం. పైన ఇచ్చిన ఐదు పంక్తులూ బయటికి చదవండి. దారి, పక్క, చెట్టు, కింద. మూడేసి మాత్రల అడుగులు, పంక్తికి నాలుగు, మొత్తం పన్నెండు. కవిత చాలావరకు ఈ నడకే. గాలి ప్రశ్న అడిగిన చోట మాత్రం "వెళ్ళిపోయింది" అన్న ఒక్క మాట పంక్తిగా నిలబడుతుంది. లెక్కేస్తే ఎనిమిది మాత్రలే. మన చెవి ఇంకో నాలుగు మాత్రల కోసం ఎదురుచూస్తుంది, అవి రావు. గాలి నిజంగానే వెళ్లిపోయింది, ఆ ఖాళీ మనకి చెవిలో వినపడింది.

ఈ కిటుకు శ్రీశ్రీది మాత్రమే కాదు. 1910లో గురజాడ ముత్యాల సరాలు రాసినప్పుడే ఉంది:

గుత్తునా ముత్యాల సరములు
కూర్చుకొని తేటైన మాటల
కొత్త పాతల మేలు కలయిక
క్రొమ్మెరుంగులు జిమ్మగా

మొదటి మూడు పంక్తులకీ తలా పద్నాలుగు మాత్రలు, మూడు-నాలుగు, మూడు-నాలుగుగా. నాలుగోది పన్నెండుకే ఆగిపోతుంది. ఆ రెండు మాత్రల లోటు దగ్గర మనం ఊపిరి తీసుకుంటాం. అదే 1910లో, అదే "ఆంధ్రభారతి" పత్రికలో ఆయన కథ "దిద్దుబాటు" కూడా వచ్చింది. తెలుగులో తొలి కథ అదా, భండారు అచ్చమాంబదా అన్న పంచాయితీలోకి నేను వెళ్లను. నాకు ముఖ్యమైంది ఏమిటంటే, కొత్త కవితకి నడక వెతికిన మనిషే, అదే ఏడాది కథకి కూడా ఒక నడక వెతికాడు. "దిద్దుబాటు" ఎలా మొదలవుతుంది? "తలుపు! తలుపు!" అని పిలుపు. లోపలినుంచి జవాబు లేదు. ఊరు, పేరు, వాతావరణం, వంశచరిత్ర ఏమీ చెప్పకుండా ఒక పిలుపు, దాని వెనక రావాల్సింది రాకపోవడం. ముత్యాల సరంలో నాలుగో పంక్తికి తగ్గిన రెండు మాత్రలు ఇక్కడ తెరుచుకోని తలుపు అయ్యాయనిపిస్తుంది నాకు. ఇది నా ఊహే, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

వచనానికి మాత్రల లెక్క అక్కర్లేదు. కానీ తెలుగు వచనానికి ఒక జబ్బుంది, దానికి మందు కవిత్వంలోనే దొరుకుతుంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది. జరిగిన కథ చెప్తుంటే ప్రతి వాక్యం "ది"తోనో "డు"తోనో ముగుస్తుంది. చూడండి:

సుబ్బమ్మ తలుపు తీసింది. బయటికి చూసింది. ఎవరూ కనపడలేదు. ఎండ బాగా కాస్తోంది. ఆమె తలుపు వేసింది. లోపలికి వచ్చింది.

తప్పేం లేదు. కానీ నాలుగు పేజీలు ఇలా సాగితే గోడకి మేకులు కొడుతున్నట్టుంటుంది. ఇప్పుడు శ్రీశ్రీ పంక్తులు మళ్లీ చూడండి. "కూర్చున్నది ముసల్దొకతె మూలుగుతూ." క్రియ ముందుకొచ్చింది, మనిషి తర్వాత వచ్చింది, మూలుగు ఆ తర్వాత. "ఈగలతో వేగలేక" అని అసమాపకంతో, అంటే పని పూర్తికాని క్రియతో, వదిలేశాడు. వాక్యం మూతపడలేదు. ఆమె అవస్థ కూడా ముగిసింది కాదు కదా.

ఇది కవులు కనిపెట్టిన వింతేం కాదు. మనం మాట్లాడేటప్పుడు రోజూ చేసేదే. "వచ్చాడమ్మా మీ బావ, చేతిలో సంచీ కూడా లేకుండా" అంటాం. "మీ బావ చేతిలో సంచీ కూడా లేకుండా వచ్చాడు" అని వ్యాకరణం పుస్తకంలోనే అంటారు. ఆధునిక కవి ఈ మాటల తీరుని గుర్తుపట్టి పంక్తిలో పెట్టాడు. వచన రచయితలు మాత్రం చాలామంది కాగితం ముందు కూర్చోగానే స్కూల్లో నేర్చుకున్న వరసకి వెళ్లిపోతారు. పై సుబ్బమ్మని కొంచెం మారుద్దాం:

తలుపు తీసి చూసింది సుబ్బమ్మ. ఎవరూ లేరు. వీధి చివరిదాకా ఎండ. గడియ పెట్టి లోపలికి వచ్చేసింది.

"వీధి చివరిదాకా ఎండ" అన్నదాంట్లో క్రియే లేదు. తెలుగుకి అది సహజం. "మా ఊరు తణుకు" అంటాం, మధ్యలో ఏ క్రియా అక్కర్లేదు. ఈ సదుపాయాన్ని కవులు వాడుకున్నంతగా కథకులు వాడుకోలేదు. అయితే వరసగా నాలుగు వాక్యాలు క్రియ లేకుండా రాస్తే మళ్లీ అదో రోగం. సోషల్ మీడియా కథల్లో ఇప్పుడు అది బాగా ముదిరింది. ఒక్కో మాటకి ఒక్కో ఫుల్‌స్టాప్. చదువుతుంటే ఎక్కిళ్లు వచ్చినట్టుంటుంది.

మాటల తీరు అన్నాను కాబట్టి కవయిత్రి సావిత్రి "బందిపోట్లు" గురించి చెప్పాలి. స్త్రీవాద కవిత్వం గురించి మాట్లాడేటప్పుడు అందరూ తలుచుకునే కవిత. నేనిక్కడ చూసేది అది కట్టిన పద్ధతి. పాఠం ఒప్పజెప్పకపోతే పెళ్లి చేస్తానని పంతులుగారు అన్నప్పుడే భయం వేసింది అంటూ మొదలవుతుంది. తర్వాత ఆఫీసులో తన పైవాణ్ణి మొగుడితో పోల్చి, అవసరమైనా సెలవివ్వడని అన్నయ్య అంటాడు. ఆపైన, మగవాడికేం మహారాజని ఆడా మగా అనుకుంటారు. పంతులు బెదిరింపు, అన్నయ్య విసుగు, నలుగురి ముచ్చట్లు. మూడూ మనం ప్రతి ఇంట్లో విన్నవే, నవ్వేసి వదిలేసినవే. కవయిత్రి వాటిని మార్చలేదు. వరసలో పెట్టింది. ఒకచోట భయం వేసింది, రెండోచోట అనుమానం వేసింది, మూడోచోట అర్థమైపోయింది.

భయం, అనుమానం, అర్థం కావడం. ఒక చిన్నపిల్ల పెద్దదైన కథ మొత్తం ఇందులో ఉంది. ఆమె వయసెంతో చెప్పలేదు, ఏళ్లు గడిచాయని చెప్పలేదు. మాట్లాడేవాళ్లు మారుతుంటే ఆమె పెరుగుతోందని మనకి తెలుస్తోంది. నవల రాసేవాళ్లు "కాలం గిర్రున తిరిగింది" అని మొదలుపెట్టే అధ్యాయాలకి ఇక్కడ మూడు వాక్యాలు సరిపోయాయి. అరువు తెచ్చుకున్న అలంకారం కూడా ఏమీ లేదు. ఎవరో అన్న మాటలే సామగ్రి. కథకుడికి జేబులో చిన్న పుస్తకం ఉండాలని అందరూ చెప్తారు, అందులో సూర్యాస్తమయాలు రాసుకుంటాం. బస్సులో పక్కసీటు ఆవిడ ఫోన్లో అన్న మాట రాసుకోవడం మేలు.

అలిశెట్టి ప్రభాకర్ దగ్గరికి వస్తే పొదుపు ఎంత దూరం వెళ్లగలదో కనిపిస్తుంది. జగిత్యాల మనిషి, ఫొటో స్టూడియో నడిపాడు, 1993లో క్షయతో చనిపోయాడు. "వేశ్య" అని ఆయన మినీ కవిత ఒకటి నోటికి వచ్చేంత ప్రసిద్ధం. "తను శవమై, ఒకరికి వశమై" అని మొదలవుతుంది. శవం, వశం. రెండక్షరాలు చోటు మార్చుకున్నాయి, ఒక మనిషి చావు ఇంకొకరి సుఖమైంది. తర్వాత వచ్చే పుండు, పండు కూడా అంతే, ఒక్క కొమ్ము తేడా. ఫొటోగ్రాఫర్ కాబట్టి చట్రం ఎక్కడ కత్తిరించాలో తెలుసు అనుకోవచ్చు.

ఈ పొదుపు చూసి ముచ్చటపడండి గానీ, ఈ పద్ధతి కథలోకి తేకండి. ప్రాసతో, అక్షరాల తిరగేతతో రాసిన వాక్యం కవితలో బాంబులా పేలుతుంది, కథలో మాత్రం పాత్రల మీంచి చూపుని లాగేసి రచయిత మీద పెడుతుంది. పంచ్ డైలాగు అంటాం చూడండి, అది. అలిశెట్టి నుంచి నేను తీసుకునేది వేరే ఉంది. ఆ కవితలో జాలి అన్న మాట లేదు, కన్నీరు లేదు, సమాజం అన్న మాట లేదు. అవన్నీ మనలో పుట్టించి తను పక్కకి తప్పుకున్నాడు.

ఇక నిశ్శబ్దం. కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఫిలాసఫీ పాఠాలు చెప్పిన ఇస్మాయిల్ తన వ్యాసాల పుస్తకానికి "కవిత్వంలో నిశ్శబ్దం" అని పేరు పెట్టుకున్నాడు. ఆయన కవితలే చదవాలి, కానీ తొందరలో ఉన్నవాళ్లకి ఆయన సంపుటి పేరు ఒక్కటే చాలు: "రాత్రి వచ్చిన రహస్యపు వాన." నాలుగు మాటలు. రాత్రి, వచ్చిన, వాన, ఇవి ఎవరైనా రాస్తారు. నాలుగోది "రహస్యపు". వాన రహస్యంగా వచ్చిందంటే అందరూ నిద్రలో ఉన్నారు. మరి వచ్చిందని ఎలా తెలిసింది? పొద్దున్నే ఎవరో తలుపు తీసి తడిసిన వాకిలి చూశారు. ఆ మనిషి పేరులో ఎక్కడా లేడు, కానీ ఉన్నాడు. ఆ తడి నేల, ఆకుల చివర నీటి చుక్కలు, ఆరేసి మర్చిపోయిన బట్టలు, ఇవన్నీ నా అంతట నేనే ఊహించుకున్నాను. కవి నా చేత రాయించాడు.

దీన్ని వచనంలో ఎలా చెయ్యాలి? నా పాత కథలో ఒక ముక్క ఇస్తాను. ఉద్యోగానికి వెళ్తున్న కొడుకుని దింపడానికి తండ్రి బస్టాండుకి వస్తాడు. మొదటి డ్రాఫ్టులో ఇలా ఉంది:

నాన్న మౌనంగా ఉండిపోయాడు. ఆయన గుండెల్లో బాధ సుడులు తిరుగుతోంది. కన్నకొడుకు దూరమవుతున్నాడన్న వేదన ఆయన్ని కలచివేసింది.

ఇందులో మౌనం అన్న మాట ఉంది గానీ మౌనం లేదు. రచయిత ఆపకుండా మాట్లాడుతున్నాడు. చాలా రోజుల తర్వాత ఇలా అయింది:

"టికెట్టు జాగ్రత్తగా పెట్టుకున్నావా?" అన్నాడు నాన్న. అది మూడోసారి.

ఇది గొప్ప వాక్యమని నేననడం లేదు. కానీ బాధ అన్న మాట కొట్టేశాక బాధ కనపడటం మొదలైంది. ఇస్మాయిల్‌ని చదవకపోతే ఆ మూడు వాక్యాలు కొట్టేసే ధైర్యం నాకు వచ్చేది కాదు.

మాటల ఎంపిక విషయంలో ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. శ్రీశ్రీ సంపుటి పేరు "మహాప్రస్థానం", కాళోజీ సంపుటి పేరు "నా గొడవ". ఒకటి మహాభారతంలోంచి వచ్చింది, ఒకటి వీధి అరుగు మీంచి. కుక్కపిల్లా, అగ్గిపుల్లా, సబ్బుబిళ్లా దేన్నీ హీనంగా చూడొద్దన్న శ్రీశ్రీయే సమిధ, ఆహుతి అని కూడా రాశాడు. కాళోజీ తన పలుకుబడి ఏదో దాంట్లోనే ఉండి, లోకం గొడవంతా తన గొడవే చేసుకున్నాడు. ఏది మంచి తెలుగు అన్న చర్చ మన దగ్గర ఎప్పుడూ నడుస్తుంది, టెన్షన్ పడేవాళ్లు పడుతుంటారు. ఇద్దర్నీ పక్కపక్కన చదివితే, మాట ఏ యాసదన్నది కాదు, చెప్పేవాడి నోట్లోంచే వచ్చిందా లేదా అన్నదే పట్టించుకోవాలని అర్థమవుతుంది. కరీంనగర్ కథలో ముసలమ్మ కృష్ణా జిల్లా తెలుగు మాట్లాడితే ఏదో తేడాగా ఉందని చదివేవాడి చెవికి వెంటనే తెలిసిపోతుంది.

కవిత్వం నేర్పనివి కూడా ఉన్నాయి. ఒక పాత్రని వంటింట్లోంచి వీధిలోకి తీసుకురావడం కవికి అక్కర్లేదు, ఒక్క పంక్తిలో దూకేస్తాడు. కథకుడు నడిపించాలి. పదిమంది ఉన్న గదిలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసేలా రాయడం, ఇరవై ఏళ్ల కాలాన్ని సర్దడం, చదివేవాడు పేజీ తిప్పేలా చెయ్యడం, ఇవన్నీ కథల దగ్గరే, నవలల దగ్గరే నేర్చుకోవాలి. తిలక్ లాగా కవితలూ కథలూ రెండూ బాగా రాసినవాళ్లు ఉన్నారు. కానీ "అమృతం కురిసిన రాత్రి" మత్తులో పడి కథలు రాసినవాళ్ల కథల్లో అమృతం మరీ ఎక్కువైపోయి చక్కెర జబ్బు వచ్చింది. తిలక్‌ని వచనం కోసం చదవాలనుకుంటే నేనైతే ఆ తియ్యదనం పక్కనపెట్టి "తపాలా బంట్రోతు" కవిత దగ్గర ఆగుతాను. అందరికీ ఉత్తరాలు పంచుతూ తిరిగే మనిషి గురించి ఎవరూ ఆలోచించరు కదా, ఆయన అటు తిరిగి చూశాడు. ఎవరి వైపు చూడాలన్నది పోలికల కన్నా ముందొచ్చే నిర్ణయం.

మరి ఎలా చదవాలి? నేను చేసే పనులు చెప్తాను. ఒకటి, పంక్తులు కలిపి రాసి చూస్తాను. వచన కవితని మామూలు పేరాలా కలిపి రాసినప్పుడు ఏమీ పోలేదంటే అది ఊరికే విరిచిన వచనం. ఏదో పోయిందంటే, ఏం పోయిందో వెతుకుతాను. సాధారణంగా పంక్తి చివరి మాట తర్వాత వచ్చే చిన్న ఆగుడు పోతుంది. ఆ ఆగుడు వచనంలో పేరా మార్చడంతో తెచ్చుకోవచ్చు, కొత్త వాక్యంతో తెచ్చుకోవచ్చు. రెండోది, చేత్తో కాపీ రాయడం. కళ్లు దాటేసిన మాట దగ్గర చెయ్యి ఆగుతుంది. ఈగ సంగతి నాకు తెలిసింది అలాగే. బయటికి చదవడం సరేసరి, ఇంట్లోవాళ్లు నవ్వినా పర్లేదు.

తొందర మాత్రం పనికిరాదు. పత్రికా రచయితగా రోజూ వచనంతో పనిచేసిన అజంతా కవిగా ఒకే ఒక్క పల్చటి సంపుటి తెచ్చాడు, "స్వప్నలిపి". అది వచ్చేసరికి 1993, ఆయనకి అరవై దాటాయి. ఒక్క వారంలో మూడు కథలు పోస్ట్ చేసే రోజుల్లో ఇది వింతగా ఉండొచ్చు.

ఈ మధ్య అటక సర్దుతుంటే ఆ పెన్సిల్ సున్నాల కథ దొరికింది. కాగితాలు పసుపు రంగుకి తిరిగాయి, సున్నాలు మాత్రం చెరిగిపోలేదు. కూర్చుని ఒక్కొక్క పోలికా పాత్ర ఇంట్లోంచి వచ్చిందా, నా పుస్తకాల అరలోంచి వచ్చిందా అని చూశాను. పదిహేడింటిలో పదిహేను కొట్టేశాను. మిగిలినవాటిలో ఒకటి, జబ్బుతో ఉన్న అమ్మమ్మ చెయ్యి పట్టుకుంటే ఖాళీ చేటలా తేలిగ్గా ఉందన్నది. రెండోదాని పక్కన ఇప్పుడు నేనే పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టాను.